పాత జిప్సీకి షాకబ్జర్లా? స్పెక్స్ షీట్ పక్కన పెట్టి, ముందు బండి కిందకి దూరండి

స్నాప్‌డ్రాగన్, మెగాపిక్సెల్, ఎంఏహెచ్ అని మాట్లాడుకునే చోట షాకబ్జర్ల గొడవేంటి అని మీకు డౌట్ రావచ్చు. కారణం ఉంది. నా లైఫ్‌లో నేను చేసిన అతి పెద్ద గ్యాడ్జెట్ తప్పు ఫోన్ విషయంలో జరగలేదు, ల్యాప్‌టాప్ విషయంలోనూ జరగలేదు. మా నాన్న జిప్సీ కింద జరిగింది. ఆ తప్పు చేయించింది కూడా ఫోన్లు కొనీ కొనీ నాకు పట్టిన అలవాటే. ఆ అలవాటు మీలో చాలామందికి ఉంటుంది కాబట్టే ఇది ఇక్కడ రాస్తున్నా.

మాది నర్సీపట్నం దగ్గర. పైన చింతపల్లి వైపు మాకు కొంచెం కాఫీ, మిరియాల తోట ఉంది. నాన్న వారానికి రెండు సార్లు ఘాట్ ఎక్కి తోటకి వెళ్లొస్తారు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న జిప్సీ కింగ్. ఆయనకి 64 ఏళ్లు. పోయిన వర్షాకాలం నుంచి నడుం నొప్పి మొదలైంది. "బండి మరీ గుద్దేస్తోందిరా" అన్నారు ఫోన్‌లో. హైదరాబాద్‌లో కూర్చుని ఉన్న నాకు అప్పుడే బోనస్ పడింది. ఇంకేముంది, మూడు రాత్రులు నిద్ర మానేసి రివ్యూలు చూశా. ఎడ్జస్టబుల్, హై ప్రెషర్ నైట్రోజన్, పక్కన వేరే రిజర్వాయర్, రెండంగుళాల లిఫ్ట్‌కి సూటయ్యే పొడవు. స్పెక్స్ అన్నీ టాప్. ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ డబ్బు పెట్టి నాలుగూ ఆర్డర్ చేసి, నేనే వెళ్లి దగ్గరుండి బిగించి వచ్చా.

రెండు ట్రిప్పుల తర్వాత నాన్న బండిని షెడ్డులో పెట్టేశారు. "నేను బస్సులో వెళ్తాన్లేరా. నడుముకి అదే హాయిగా ఉంది" అన్నారు.

నేను డబ్బు పోయిందని బాధపడలేదు. ఆ జిప్సీ నడపడం మానేస్తే ఆయనకి తోట మానేసినట్టే. చింతపల్లిలో బస్సు దిగాక తోటకి ఇంకో 6 కిలోమీటర్ల మట్టి దారి ఉంది. నా గిఫ్ట్ ఆయన కాళ్లు కట్టేసింది. అందుకే ఈ సబ్జెక్ట్ మీద నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది: పాత ఫోర్ బై ఫోర్ వాడే పదిమందిలో తొమ్మిదిమందికి కావాల్సింది బండితో వచ్చిన పొడవులోనే, బండి బరువుకి తగ్గ మామూలు ట్విన్ ట్యూబ్ షాకబ్జర్లు. మిగిలిన డబ్బు కమాన్లకి, బుష్‌లకి పెట్టాలి. ఎందుకో చెప్తా.

బైక్ చూసి మోసపోతున్నాం

మనలో ఎక్కువమంది మొదట చూసిన షాకబ్జర్ బైక్‌ది. అందులో స్ప్రింగూ, లోపలి ఆయిల్ ట్యూబూ కలిసే ఉంటాయి. దాంతో షాకబ్జర్ అంటే బరువు మోసేది, మెత్తగా చేసేది అని మైండ్‌లో ఫిక్స్ అయిపోతాం. జిప్సీలో ఆ రెండూ వేర్వేరు. బరువు మోసేది, గుంతని మింగేది కమాన్లు, అంటే లీఫ్ స్ప్రింగులు. 1985లో జిప్సీ వచ్చినప్పుడూ అవే, 1996లో 1.3 లీటర్ ఇంజన్‌తో జిప్సీ కింగ్ వచ్చినప్పుడూ అవే, ఉత్పత్తి ఆగేదాకా నాలుగు చక్రాలకీ అవే. 2023లో మన దగ్గరికి వచ్చిన జిమ్నీకి గానీ కాయిల్ స్ప్రింగులు రాలేదు.

మరి షాకబ్జర్ పనేంటి? ఊగుడు ఆపడం. కమాన్ నొక్కుకుంటే అందులో ఎనర్జీ స్టోర్ అవుతుంది. వదిలేస్తే అది బండిని పైకి తన్నుతుంది, మళ్లీ కిందికి, మళ్లీ పైకి. షాకబ్జర్ లోపల ఒక పిస్టన్ ఆయిల్‌లో అటూ ఇటూ కదులుతూ, సన్నటి వాల్వుల గుండా ఆయిల్‌ని తోస్తుంది. ఆ ఇబ్బందిలో ఊగుడు కాస్తా వేడిగా మారిపోతుంది. అంతే. అది ఎనర్జీని వేడిగా మార్చే మెషీన్ తప్ప మెత్తటి దిండు కాదు.

ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం డబ్బు మిగులుతుంది. ఎందుకంటే "బండి గుద్దుతోంది" అన్న కంప్లయింట్‌కి షాకబ్జర్ కారణం కాకపోవడానికే ఎక్కువ ఛాన్స్ ఉంది. షాకబ్జర్ చచ్చిపోతే బండి గుద్దదు, ఊగుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు సార్లు తేలుతుంది. ఘాట్ మలుపులో రాళ్ల మీద వెనక భాగం పక్కకి జరుగుతుంది. బ్రేక్ వేస్తే ముక్కు బాగా కిందికి వంగుతుంది. ఇది కంఫర్ట్ మ్యాటర్ కంటే పెద్దది. గాల్లో ఉన్న టైరు బ్రేకూ వేయలేదు, తిరగనూ లేదు.

అసలు జబ్బు ఎక్కడుంది

నేను కొన్నవి ఇప్పించి చూపించాక మా ఊరి మేస్త్రి గారు ముందు నవ్వారు. "ఏటి బాబూ, కాలు నొప్పంటే కళ్లజోడు కొన్నావేటి?" అన్నారు. తర్వాత జాకీ వేసి బండి కిందకి దూరి, నన్నూ దూరమన్నారు.

ఆయన చూపించినవి మూడు. ఒకటి, కమాన్ల మధ్య తుప్పు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారితేనే కమాన్ వంగుతుంది. తుప్పుతో అతుక్కుపోతే అది స్ప్రింగ్‌లా కాకుండా ఒకే ఇనప దిమ్మలా పనిచేస్తుంది. చిన్న చిన్న గుంతలన్నీ నేరుగా ఛాసిస్‌కి, అక్కణ్నుంచి సీటుకి, అక్కణ్నుంచి నడుముకి. పైగా మా బండి పాత ఓనర్ లోడు కోసం వెనక ఒక ఎక్స్‌ట్రా పట్టీ వేయించాడు. రెండు, షాకిల్ బుష్‌లు. రబ్బరు ఎండి, పగిలి, ఇనుము ఇనుముకే రాసుకుంటోంది. మూడు, టైర్లలో గాలి. పెట్రోల్ బంకులో కుర్రాడు అన్ని బండ్లకీ కొట్టినట్టే 35 కొట్టేస్తున్నాడు. బండి మీద కంపెనీ అతికించిన ప్లేట్‌లో ఉన్నది దానికంటే బాగా తక్కువ. బరువు టన్ను అటూ ఇటూ ఉండే బండికి అంత గాలి పెడితే టైరు రాయిలా ఉంటుంది.

ఈ మూడింటిలో ఒక్కదాన్నీ నా ఖరీదైన షాకబ్జర్లు బాగుచేయలేవు. అవి ఇంకో పని చేశాయి, ఉన్న గట్టితనానికి ఇంకొంచెం గట్టితనం కలిపాయి.

స్పెక్స్ షీట్ ఎందుకు పనికి రాలేదంటే

ఫోన్‌లో ర్యామ్ 8 కంటే 12 మంచిది అని గుడ్డిగా కొన్నా పెద్ద నష్టం లేదు. డబ్బు పోతుంది, ఫోన్ పాడవదు. షాకబ్జర్‌లో అలా కాదు. ఇక్కడ "ఎక్కువ" అంటే "మంచిది" కాదు. ఎంత బలంతో ఆపాలి అన్నది కమాన్ ఎంత గట్టిది, బండి ఎంత బరువు అన్న వాటిని బట్టి ఉంటుంది. ఆ బలం మళ్లీ రెండు దిక్కులా వేర్వేరుగా సెట్ చేస్తారు. చక్రం పైకి వచ్చేటప్పుడు తక్కువ, తిరిగి కిందికి వెళ్లేటప్పుడు ఎక్కువ. ఎందుకంటే కిందికి వెళ్లేటప్పుడు నొక్కుకున్న కమాన్ తన్నుడునీ ఆపాలి కదా. దీన్నే వాల్వింగ్ అంటారు. రైడ్ ఎలా ఉంటుందో డిసైడ్ చేసేది ఇదే. సమస్యేంటంటే చాలా బాక్సుల మీద ఇదొక్కటే రాసి ఉండదు. ట్యూబ్ సైజు ఉంటుంది, రంగు ఉంటుంది, ఎన్ని స్టెప్పుల ఎడ్జస్ట్‌మెంటో ఉంటుంది. కెమెరా ఫోన్ డబ్బా మీద మెగాపిక్సెల్ ఉండి, సెన్సర్ సైజు లేకపోవడం లాంటిదే ఇది.

నేను కొన్నవాటి మౌంట్లు సరిపోయాయి. వాల్వింగ్ మాత్రం జిప్సీ కంటే చాలా బరువైన బండికి చేసింది. దాంతో ఏమైందంటే, గతుకుల దారిలో ఒక గుంత దగ్గర పైకి వెళ్లిన చక్రం తిరిగి కిందికి దిగేలోపే ఇంకో గుంత వచ్చేస్తుంది. అలా నాలుగైదు వరసగా వస్తే సస్పెన్షన్ పూర్తిగా ముడుచుకుపోయి, ఆ తర్వాత ప్రతి రాయీ నేరుగా తగులుతుంది. ఎడ్జస్టర్‌ని అన్నిటికంటే మెత్తటి స్టెప్పులో పెట్టినా జిప్సీకి అది ఎక్కువే.

పొడవు సంగతి ఇంకా దారుణం. లిఫ్ట్ చేసిన బండికి వాడే పొడవైన షాకబ్జర్‌ని లిఫ్ట్ చేయని బండికి వేస్తే, పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు కూడా ఎక్కువే ఉంటుంది. బండి పెద్ద గుంతలో పడితే ముందు రబ్బరు బంప్ స్టాప్ తగలాలి. మా బండిలో అంతకంటే ముందే షాకబ్జర్ అడుగంటేది. నాన్న చెప్పిన "ఠక్" మనే సౌండ్ అదే. అలా కొన్నాళ్లు నడిపితే షాకబ్జరో, దాన్ని పట్టుకున్న బ్రాకెట్టో విరుగుతుంది. రివర్స్‌లో కూడా ఇదే కథ. లిఫ్ట్ చేసిన బండికి పాత పొడవు షాకబ్జర్ ఉంచేస్తే, చక్రం వేలాడినప్పుడల్లా అది పూర్తిగా సాగి లాగేసుకుంటుంది.

మోనోట్యూబ్, ట్విన్ ట్యూబ్, ఫోమ్ సెల్

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ట్విన్ ట్యూబ్‌లో ట్యూబ్ లోపల ట్యూబ్ ఉంటుంది. లోపలి దాంట్లో పిస్టన్ కదులుతుంది, బయటి దాంట్లో మిగతా ఆయిల్, కొంచెం గాలి గానీ తక్కువ ప్రెషర్‌లో నైట్రోజన్ గానీ ఉంటుంది. మోనోట్యూబ్‌లో ఒకటే ట్యూబ్. ఆయిల్‌నీ, హై ప్రెషర్ నైట్రోజన్‌నీ తేలే పిస్టన్ ఒకటి వేరుచేస్తుంది. బిల్‌స్టైన్ కంపెనీ 1957లో మెర్సిడెస్ కార్ల కోసం దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. కాబట్టి ఇదేం కొత్త టెక్నాలజీ కాదు.

మోనోట్యూబ్ గొప్ప ఏంటంటే వేడిని తట్టుకోవడం. గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కి ఫ్రేమ్స్ పడిపోతాయి చూశారా, షాకబ్జర్‌లో కూడా సేమ్. గంటల తరబడి గతుకుల దారిలో స్పీడ్‌గా వెళ్తే ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, ట్విన్ ట్యూబ్‌లో అయితే ఆయిల్‌లో గ్యాస్ కలిసి నురగ కూడా వస్తుంది. పిస్టన్ నురగలో కదిలితే పట్టు ఉండదు. మోనోట్యూబ్‌లో ఆయిల్ ఉన్న ట్యూబే బయటి గాలికి తగులుతుంది, గ్యాస్ వేరే అరలో ఉంటుంది, కాబట్టి చాలాసేపు నిలబడుతుంది. ఆస్ట్రేలియా వాళ్లు బాగా వాడే ఫోమ్ సెల్ మధ్యేమార్గం. ట్విన్ ట్యూబే, కానీ గ్యాస్ బదులు చిన్న చిన్న బుడగలున్న ఫోమ్ పెడతారు. దాంతో నురగ సమస్య బాగా తగ్గుతుంది.

మరి తక్కువేంటి? హై ప్రెషర్ గ్యాస్ రాడ్‌ని ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటుంది. లెక్క మీరే చేసుకోవచ్చు. 14 మిల్లీమీటర్ల రాడ్, 20 బార్ ప్రెషర్ అనుకుంటే ఒక్కో షాకబ్జర్ దాదాపు 31 కిలోల బలంతో బండిని పైకి తోస్తుంది. నాలుగూ కలిపితే 120 కిలోల పైనే. రెండు టన్నుల ఎస్‌యూవీకి అది పెద్ద లెక్క కాదు, టన్ను జిప్సీకి లెక్కే. ఇంకోటి, మోనోట్యూబ్ బయటి గోడే పిస్టన్ రాసుకునే గోడ. రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడే ఆగిపోతుంది. ట్విన్ ట్యూబ్‌కి బయట సొట్ట పడినా లోపలి ట్యూబ్ బాగుంటే పని నడుస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే మోనోట్యూబ్ కరెక్ట్ అయ్యేవాళ్లు ఉన్నారు. లడఖ్, స్పితి వైపు రోజుల తరబడి ఫుల్ లోడుతో వెళ్లేవాళ్లు, ర్యాలీల్లో తోలేవాళ్లు, బరువైన సఫారీ, స్కార్పియో లాంటివాటికి రూఫ్ క్యారియర్, వించ్ బిగించుకున్నవాళ్లు. వాళ్లు కూడా తమ బండికి, తమ స్ప్రింగ్‌కి వాల్వింగ్ చేసినదే అడగాలి. నాన్న చేసేదేంటి? ఘాట్‌లో 30, 40 స్పీడు, మట్టి దారిలో 15. ఆయిల్ ఉడికేంత సీన్ అక్కడ లేదు.

2010 నుంచి అమ్మిన పాత థార్ సీఆర్‌డీఈ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. దానికి ముందు టోర్షన్ బార్, వెనక కమాన్లు. కాబట్టి ముందు షాకబ్జర్లు వేరు, వెనకవి వేరు. నాలుగూ ఒకటే అని అమ్మేవాళ్ల మాట వినకండి.

కొనే ముందు చేయాల్సినవి

బానెట్ మీద చేత్తో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూడమని అందరూ చెప్తారు. కాయిల్ స్ప్రింగ్ కారుకి అది ఓకే. కమాన్ల బండిలో ఆ టెస్ట్ మోసం చేస్తుంది. పట్టీల రాపిడే ఊగుడు ఆపేస్తుంది కాబట్టి చచ్చిన షాకబ్జర్ కూడా పాసైపోతుంది. దాని బదులు ఇవి చేయండి:

షాకబ్జర్ ఒళ్లు చూడండి. లైట్‌గా ఆయిల్ తడి, దాని మీద దుమ్ము ఉంటే కంగారు లేదు. ఆయిల్ కారి చారలు కడితే అయిపోయినట్టే.

గతుకుల దారిలో పావుగంట తోలి ఆపి, నాలుగింటినీ జాగ్రత్తగా వేలితో తాకి చూడండి. పనిచేసేది వేడెక్కుతుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే, అది పని మానేసిందన్నమాట.

ఒక వైపు బోల్ట్ విప్పి చేత్తో లాగి, నొక్కి చూడండి. మొత్తం దూరం ఒకేలా బరువుగా కదలాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారితే మార్చాలి.

టైరు మీద చెయ్యి రాసి చూడండి. అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగితే చక్రం ఎగురుతోందని అర్థం.

ఆ తర్వాత కొలతలు. బండి చదునైన నేల మీద మామూలుగా నిలబడినప్పుడు షాకబ్జర్ పై బోల్ట్ నుంచి కింది బోల్ట్‌కి ఎంతో కొలవండి. బంప్ స్టాప్‌కి ఎంత గ్యాప్ ఉందో చూడండి. ఛాసిస్‌ని పైకెత్తి చక్రం వేలాడినప్పుడు మళ్లీ కొలవండి, బ్రేక్ హోస్ సాగుతుందేమో కూడా అప్పుడే చూడండి. ఈ మూడు నంబర్లు చేతిలో ఉంటే షాపులో ఎవరూ మిమ్మల్ని ఆడించలేరు. షాకబ్జర్ పూర్తిగా ముడుచుకున్న పొడవు, పూర్తిగా సాగిన పొడవు అడగండి. చెప్పలేకపోతే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. మన దేశంలో గేబ్రియల్ లాంటి కంపెనీలు దశాబ్దాలుగా ఈ పనిలోనే ఉన్నాయి కాబట్టి మామూలు ట్విన్ ట్యూబ్ కోసం విదేశాల వైపు చూడాల్సిన పని లేదు. బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి, బాక్సు మీద పార్ట్ నంబర్ మీ మోడల్‌దేనా అని చెక్ చేసుకోండి. ఒకటి పాడైనా ముందు జత గానీ వెనక జత గానీ కలిపే మార్చండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి రెండు వైపులా ఒకేలా ఉండదు.

బిగించేటప్పుడు రెండు మాటలు. ట్విన్ ట్యూబ్‌ని బండికి పెట్టే ముందు నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కాలి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలి ట్యూబ్‌లోకి దూరిన గాలి అప్పుడు బయటికి వస్తుంది. కమాన్ల బుష్ బోల్ట్‌లు ఫైనల్‌గా బిగించేది బండి తన చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన పొజిషన్‌లో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

లిఫ్ట్ కిట్ గురించి ఒక్క ముక్క. లుక్ బాగుంటుంది, నేను కాదనను. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. అదే పొడవు షాకబ్జర్ మార్చుకోవడం రిపేర్ కిందకి వస్తుంది, బండి ఎత్తు మార్చడం వేరే కథ.

చివరికి ఏమైంది

కమాన్లు నాలుగూ దింపించాం. పట్టీలు విడదీసి తుప్పు గోకి, గ్రాఫైట్ గ్రీజ్ రాసి, ఆ ఎక్స్‌ట్రా పట్టీ తీసేసి మళ్లీ కట్టించాం. యూ బోల్ట్‌లు, బుష్‌లు కొత్తవి. గాలి ప్లేట్ మీద ఉన్నంతే. చివర్లో, అన్నిటికంటే చివర్లో, కంపెనీ పొడవులో మామూలు ట్విన్ ట్యూబ్ షాకబ్జర్లు. షాకబ్జర్లకి అయింది ఒక ఎంట్రీ లెవల్ ఫోన్ ఖర్చు. మొదట కొన్నవి ఇంకా మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి, ఎవరైనా చుట్టాలొస్తే నాన్న తీసి చూపిస్తారు.

జిప్సీ ఇప్పుడు ఇన్నోవా అయిపోలేదు. కమాన్ల బండి కమాన్ల బండే. కానీ మొదటి ట్రిప్ నుంచి వచ్చాక నాన్న ఫోన్ చేసి రైడ్ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మిరియాలు బాగా పట్టాయని, ఆదివారం మళ్లీ వెళ్తానని చెప్పి పెట్టేశారు. నాకు కావాల్సిన రివ్యూ అదే.

నేను నేర్చుకున్నది సింపుల్. "బెస్ట్ ఏది" అని వెతకడం మొదలుపెట్టే ముందు "సమస్య ఏది" అని అడగాలి. నేను మూడు రాత్రులు రివ్యూలు చూశా గానీ, మూడు నిమిషాలు బండి కింద పడుకుని చూడలేదు. మీ ఇంట్లో పాత జిప్సీయో, థారో, నాన్నగారి స్కూటరో ఉంటే కార్ట్‌లో ఏదైనా వేసే ముందు ఆ మూడు నిమిషాలు పెట్టండి. చొక్కా మాసిపోతుంది, పర్లేదు.